రెండే డబ్బాలు తెచ్చుకోగలిగితే: వర్జీనియా, పెరీక్ కలిసిన పైపు పొగాకుల్లో ఏది ఎంచుకోవాలి

మా తమ్ముడి కొడుకు ఏటా సంక్రాంతికి అమెరికా నుంచి ఇంటికి వస్తాడు. విమానం ఎక్కడానికి వారం ముందు ఫోన్ చేసి, "పెదనాన్నా, ఈసారి ఏ డబ్బాలు తేను?" అని అడుగుతాడు. సుంకం కట్టకుండా తెచ్చుకోవడానికి ఒక మనిషికి 125 గ్రాముల పొగాకే అనుమతి. పైపు పొగాకు డబ్బా ఎక్కువగా 50 గ్రాములది వస్తుంది. అంటే రెండు డబ్బాలు. ఒంగోలు అంగళ్లలో ఇవి దొరకవు, మూత తీసి వాసన చూసి కొనుక్కునే వీలు లేదు. కాబట్టి ఆ రెండూ ఏవో ముందే తేల్చుకోవాలి. ఒకటి తప్పుగా ఎంచుకుంటే మళ్లీ సంక్రాంతి దాకా ఆగాల్సిందే.

నాలాగే వర్జీనియా ఆకులో పెరీక్ అనే ఊరబెట్టిన నల్లటి ఆకు కాస్త కలిపిన పొగాకు మీద ఇష్టం ఉండి, ఏది తెప్పించుకోవాలో తెలియక టెన్షన్ పడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. పెరీక్ ఎంత ఉందని చూసి డబ్బా ఎంచుకోకండి. దాని కింద ఉన్న వర్జీనియా ఎలాంటిదో చూసి ఎంచుకోండి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. పైపు పొగను ఊపిరితిత్తుల్లోకి లాగకపోయినా నోటికి, గొంతుకు ముప్పు ఉంది. మా బంధువుల్లో చుట్ట తాగి నోటి క్యాన్సర్‌తో పోయిన మనిషిని దగ్గరుండి చూశాను. ఇప్పటికే పైపు తాగుతున్న పెద్దవాళ్లకే ఈ సలహా. అలవాటు లేనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. నేను కూడా వారానికి రెండుసార్లకు మించి పైపు ముట్టుకోను.

ముందు వర్జీనియా సంగతి

మా మేనమామది టంగుటూరు పక్క పల్లె. రెండు బ్యారన్లు, అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్లు, ఉండేవి. ఆకు కోసే రెలుపుల కాలంలో సెలవు దొరికితే నేను అక్కడే ఉండేవాణ్ణి. పచ్చాకును కర్రలకు అల్లి బ్యారన్‌లో ఎక్కించాక అయిదారు రోజులు పొయ్యి ఆరకూడదు. మొదట సన్నసెగ మీద ఆకు పండాలి. ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారేది అప్పుడే. తర్వాత వేడి పెంచి ఆ పసుపు రంగును నిలబెడతారు. చివర్లో 70 డిగ్రీల దాకా తీసుకెళ్లి ఈనె ఆరబెడతారు. పండకముందే వేడి పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది, ఆలస్యం చేస్తే నల్లబడుతుంది. కట్టెల పొగ గొట్టాల్లోంచి బయటికి పోతుంది తప్ప ఆకుకు తగలదు. అందుకే వర్జీనియా ఆకులో ఆ తీపి అలాగే నిలుస్తుంది.

బ్యారన్ తలుపు తీసిన రోజు వచ్చే వాసన నాకు ఇప్పటికీ గుర్తే. ఎండుగడ్డి, తేనె, కాస్త కాల్చిన రొట్టె కలిసినట్టు ఉంటుంది. నేను పసుపుపచ్చగా మెరిసే ఆకుల్ని ఏరి పక్కన పెడుతుంటే మామయ్య అనేవాడు: "రంగు చూసి మురిసిపోబాకరా అబ్బాయ్. పిసికి చూడు. చేతికి జిగురు తగల్లేదంటే అందులో సత్తువ లేనట్టే." మన జిల్లాలో వేలం కేంద్రాలు వచ్చాక కూడా బేలు దగ్గర నిలబడి ఆయన చేసే మొదటి పని అదే. ఒక ఆకు లాగి, వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు.

డబ్బా మూత తీసినప్పుడు నేను చేసే పని కూడా అదే. ఆ వర్జీనియా ఏ దేశంలో పండినా ఆకును ఆరబెట్టే క్యూరింగ్ పద్ధతి మన బ్యారన్‌దే కాబట్టి ఆ పరీక్ష ఇక్కడా పనికొస్తుంది. మొక్క అడుగునుంచి వచ్చిన ఆకు పల్చగా, నిమ్మపండు రంగులో ఉంటుంది. కాలిస్తే ఎండుగడ్డి, నిమ్మతొక్క గుర్తొస్తాయి. పైకి పోయేకొద్దీ ఆకు మందం, ఎరుపు, నికోటిన్ అన్నీ పెరుగుతాయి. ఆ ఆకు కాలిస్తే రొట్టె కాలిన వాసన, కాస్త పులుపు వస్తాయి. పైపు పొగాకు వాళ్లు మొదటిదాన్ని బ్రైట్ వర్జీనియా అంటారు, రెండోదాన్ని రెడ్ వర్జీనియా అంటారు. ఏ డబ్బా గురించి విన్నా నేను మొదట అడిగే ప్రశ్న, ఇందులో బ్రైట్ ఎక్కువా, రెడ్ ఎక్కువా అని. మీకు ఏది నచ్చుతుందో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

పెరీక్ అంటే ఏమిటి

అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున, లూసియానా రాష్ట్రంలోని సెయింట్ జేమ్స్ అనే చోట తయారయ్యే పొగాకు ఇది. అక్కడి చోక్టా తెగవాళ్ల పద్ధతిని చూసి పియర్ షెనే అనే రైతు 1824లో దీన్ని అమ్మకానికి తయారు చేయడం మొదలుపెట్టాడని చెబుతారు. ఆకును బ్యారన్‌లో కాల్చరు, మన దగ్గర బర్లీ రకం పొగాకును ఆరగట్టినట్టే గాలికి ఆరనిస్తారు. తర్వాత ఈనె తీసి, తడిపి, చుట్టలుగా మెలిపెట్టి, విస్కీ నిలవచేసిన ఓక్ పీపాల్లో కూరి, పైనుంచి మరలతో గట్టిగా నొక్కి ఉంచుతారు. ఆకు తన రసంలో తానే ఊరుతుంది. నెలల తర్వాత పీపా తెరిచి, ఆకును బయటికి తీసి గాలి తగలనిచ్చి, మళ్లీ కూరి నొక్కుతారు. ఇలా కనీసం మూడుసార్లు. మొత్తం ఏడాది పైన పడుతుంది.

మాగాయ పెట్టిన ఇంటివాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ముక్కను ఊటలో ఊరబెట్టి, పిండి ఎండబెట్టి, మళ్లీ అదే ఊటలో వేసినప్పుడు పచ్చి మామిడి వాసన పోయి కొత్త వాసన పుడుతుంది కదా, పెరీక్‌లో జరిగేదీ అలాంటిదే. బయటికి వచ్చిన ఆకు దాదాపు నల్లగా ఉంటుంది. దగ్గర పెట్టుకుంటే ఎండు అంజూర, ఆల్‌బుకర పండు, కాస్త వెనిగర్, వానాకాలపు పుట్టగొడుగు గుర్తొస్తాయి. పొగలో మాత్రం మిరియం. ఆ మిరియం నాలుక మీద కంటే ముక్కులో ఎక్కువ తెలుస్తుంది.

పెరీక్‌ను ఒంటిగా తాగేవాళ్లు అరుదు. చాలా మిశ్రమాల్లో అది పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ చేసే పని అది చేస్తుంది. మామిడికాయ లేకపోతే పులుసు వెలితిగా ఉంటుంది, ఎక్కువైతే చేప రుచి తెలియదు. చక్కెర ఎక్కువున్న వర్జీనియా ఒంటిగా కాలితే నాలుక చురచుర మంటుంది. సరైన పాళ్లలో పెరీక్ పడితే ఆ చురుకు తగ్గి, తీపికి కింద ఒక అడుగు ఏర్పడుతుంది. పెరీక్ పాళ్లు ఎక్కువైన డబ్బాల్లో మొదటి పది నిమిషాలు గొప్పగా ఉంటాయి, ఆ తర్వాత ముక్కు మొద్దుబారి ఇంకేమీ తెలియదు. కార్నెల్ అండ్ డీల్ వాళ్ల బయూ మార్నింగ్ అలాంటి ఘాటైన రకం. దాన్ని ఇష్టపడేవాళ్లు ఉన్నారు, వాళ్లను తప్పుపట్టను. రెండే డబ్బాలు తెచ్చుకునే మనిషికి మాత్రం నేను సలహా ఇవ్వను.

మూడు డబ్బాలు, మూడు పద్ధతులు

ఎంపిక చివరికి మూడు రకాల మధ్య తేలుతుంది. బిళ్లలు, రేకులు, తరుగు. ఇది చూడటానికి అందం కోసం కోసిన తేడా కాదు. వర్జీనియా, పెరీక్ ఒకదానిలో ఒకటి ఎంత కలిసిపోయాయన్నది ఈ కోతను బట్టే ఉంటుంది. ఒక్కో రకానికి ఒక్కో డబ్బా తీసుకుని చెబుతాను.

బిళ్లలకు ఎస్కుడో. డెన్మార్క్‌లో తయారవుతుంది. ఆకును తాడులా చుట్టి, నొక్కి, అడ్డంగా పల్చగా కోసిన బిళ్లలు ఇవి. మూత తీయగానే పెరీక్ ముందుకు దూకదు. మొదట రొట్టె, తర్వాత ఎండు అంజూర, ఆ వెనక ఎక్కడో వెనిగర్. కాలుతున్నప్పుడు మొదటి పావుగంట తీపిగా నడుస్తుంది. పైపు గిన్నెలో పొగాకు సగానికి వచ్చాక మిరియం లేస్తుంది, కానీ తీపిని తొక్కేయదు. నేను ఇప్పటిదాకా తాగినవాటిలో రెండు ఆకులూ సమానంగా మాట్లాడేది దీనిలోనే. ఇదే పద్ధతిలో పీటర్సన్ పేరుతో వచ్చే డీలక్స్ నేవీ రోల్స్ కూడా ఉంది, అది ఒకప్పుడు డన్‌హిల్ పేరుతో వచ్చేది. ఎస్కుడో దొరకకపోతే అది తెప్పించుకోండి. నాకు దానిలో తీపి ఒక పిసరు తక్కువ అనిపించింది, అంతే.

రేకులకు శామ్యూల్ గావిత్ వాళ్ల సెయింట్ జేమ్స్ ఫ్లేక్. ఇంగ్లండ్‌లోని కెండల్ ఊరి సరుకు. ముదురు గోధుమ రంగు రేకులు, పొడవుగా, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఆవిరి తగిలి నొక్కుడు పడిన ఆకు కాబట్టి వర్జీనియాలో ఎండుగడ్డి వాసన అసలు మిగలదు. ఉడికిన పళ్లు, తడి మట్టి, కాస్త బెల్లం పాకం. మిరియం ఉంటుంది కానీ అడుగునే ఉంటుంది. నెమ్మదిగా, చల్లగా, గంట పైన కాలుతుంది.

దీని విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకూడదని చెబుతున్నాను. ఈ రేకులు డబ్బాలోంచి బాగా తడిగా వస్తాయి. మొదటిసారి ఆ తడి మీదే పైపు నింపాను. గంటలో ఇరవై అగ్గిపుల్లలు అయిపోయాయి, నోరంతా ఆవిరితో కాలింది, రుచి ఏమీ తెలియలేదు. ఇది నాసిరకమని తీర్మానించి మిగతా డబ్బా స్నేహితుడికి ఇచ్చేశాను. ఆయన ఓపిగ్గా ఆరబెట్టుకుని తాగి, నెల తర్వాత నన్ను పిలిచి ఒక రేకు చేతిలో పెట్టాడు. అది అదే పొగాకంటే నమ్మలేకపోయాను. పచ్చి తేమ మీద ఉన్న బేలును చూసి మామయ్య ఎన్నడూ ధర చెప్పేవాడు కాదు. ఆ సంగతి తెలిసి కూడా తొందరపడ్డాను.

తరుగుకు ఎలిజబెతన్ మిక్స్‌చర్. ఇదీ పాత డన్‌హిల్ రకమే. డన్‌హిల్ పైపు పొగాకు 2018లో ఆగిపోయింది, తర్వాత పీటర్సన్ పేరుతో మళ్లీ వచ్చింది. సన్నగా తరిగిన బ్రైట్ వర్జీనియాలో నల్లటి పెరీక్ పోగులు విడివిడిగా కనిపిస్తాయి. నాకు బ్యారన్ తలుపు గుర్తుచేసే డబ్బా ఇదొక్కటే. ఎండుగడ్డి, నిమ్మతొక్క, తేనె అన్నీ ఉంటాయి. ఇందులో ఆకుల్ని కలిపారు తప్ప గట్టిగా నొక్కి కలిసిపోనివ్వలేదు కాబట్టి మిరియం మొదటి దమ్ములోనే ముక్కుకు తగులుతుంది. ఆవకాయ కలిపిన రోజు కారం వేరే, ముక్క వేరే తెలిసినట్టు. బిళ్లలూ రేకులూ నెల తర్వాతి ఆవకాయ. రెండింటికీ అభిమానులుంటారు. వెలిగించడం తేలిక, ఆరబెట్టే పని తక్కువ, ముప్పావు గంటలో అయిపోతుంది. తొందరగా లాగితే మాత్రం ఈ మూడింటిలో నాలుకను కాల్చేది ఇదే.

పాతవాళ్లు ఎక్కువగా చెప్పే పేరు త్రీ నన్స్. ఒకప్పుడు అందులో పెరీక్ ఉండేది. ఇప్పుడు వచ్చేదానిలో దాని బదులు పొగ పట్టించిన కెంటకీ ఆకు ఉంటుంది. మంచి పొగాకే, కానీ పెరీక్ రుచి కోసం వెతికేవాళ్లు ఆ పేరు చూసి తెప్పించుకోవద్దు.

రుచి చూసే తీరు

ఆరబెట్టడం అన్నిటికంటే ముఖ్యం, మన వాతావరణంలో అదే అన్నిటికంటే కష్టం. పైపు పొగాకు మీద ఇంగ్లండ్ వాళ్లు చెప్పే గంటల లెక్క మనకు సరిపోదు. ఏప్రిల్, మే నెలల్లో ఒంగోలు ఎండకు, ఫ్యాను గాలికి తరుగు పొగాకు పది నిమిషాల్లో పెళపెళలాడుతుంది. పెరీక్ వాసన కూడా గాలితో పోతుంది. అదే నవంబరు ముసురులో సెయింట్ జేమ్స్ రేకు రెండు గంటలైనా ఆరదు. గడియారం చూడకండి, వేళ్లతో చూడండి. చిటికెడు తీసుకుని నొక్కి వదిలితే మెల్లగా విచ్చుకోవాలి. ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువ, చిటపటమని విరిగితే ఆరిపోయింది. బేలు కట్టే ముందు ఆకు పదును (తేమ) చూసే చెయ్యి ఉన్న ఇళ్లలో ఇది పిల్లలకు కూడా తెలుసు.

పోల్చడానికి కొత్త మొక్కజొన్న కండె పైపు తీసుకోండి. చెక్క పైపులో పాత పొగాకుల వాసన మిగిలిపోయి ఉంటుంది, పరిమళం కలిపిన పొగాకు ఒక్కసారి తాగినా అది నెలల తరబడి వదలదు. మూడు డబ్బాలకూ అదే పైపు, అదే గిన్నె లోతు ఉండాలి. గిన్నె అడుగున వదులుగా, పైకి వచ్చేకొద్దీ కాస్త గట్టిగా నింపండి. మొదట ఒకసారి వెలిగించి, పైభాగం ఉబ్బగానే మెల్లగా నొక్కి, రెండోసారి వెలిగించండి. తర్వాత చిన్న చిన్న దమ్ములు. నిమిషానికి ఒకటి రెండు చాలు. పొగ నోట్లో ఉంచి, అందులో కొద్ది భాగాన్నే ముక్కులోంచి వదలండి. పెరీక్ మంచిదో చెడ్డదో తెలిసేది అక్కడే. మంచి పెరీక్ మిరియంలా చురుక్కుమని వెంటనే పోతుంది. పాడు పెరీక్, లేదా పాళ్లు తప్పిన పెరీక్, కాలిన మిరపకాయ ఘాటులా గొంతు పట్టుకుంటుంది.

ఒకే రోజు రెండు డబ్బాలు పోల్చకండి. నికోటిన్‌కు తల తిరగడం ఒకటైతే, మొదటిదాని మిరియం రెండోదాని తీపిని మింగేయడం ఇంకొకటి. భోజనం తర్వాత ఒక గంట ఆగండి. ఆ రోజు గోంగూర పచ్చడో చేపల పులుసో తిని ఉంటే మర్నాటికి వాయిదా వేయండి. ఆ కారం నోట్లో ఉండగా అంజూర వాసన దొరకదు. ఒక్కో డబ్బాకు మూడు పైపులైనా తాగాకే మాట చెప్పండి. నేను చిన్న నోటుపుస్తకంలో గిన్నె పైభాగం, నడుమ, అడుగు అని మూడు వరుసలు రాసుకుంటాను. అడుగు వరుస నాకు చాలా ముఖ్యం. వర్జీనియా మంచిదైతే చివరి దమ్ముదాకా తీపి నిలుస్తుంది, అడుగున బూడిద సన్నగా తెల్లగా పొడిగా మిగులుతుంది. వర్జీనియా బలహీనమైతే పెరీక్ ఎంత గొప్పదైనా చివరి మూడో వంతు చేదే.

మరి ఏ రెండు

పెరీక్ మీకు కొత్త అయితే ఎస్కుడో, ఎలిజబెతన్ తెప్పించుకోండి. ఒకే రెండు ఆకులు నొక్కితే ఎలా మారతాయో, నొక్కకపోతే ఎలా ఉంటాయో పక్కపక్కనే తెలుస్తుంది. ఇంకే జతా అంత నేర్పదు. మొదట ఎలిజబెతన్ తెరవండి, వర్జీనియా గొంతు విడిగా గుర్తుపట్టడం వస్తుంది. ఆ తర్వాత ఎస్కుడోలో అది ఎక్కడుందో వెతుక్కోవచ్చు.

ఇప్పటికే లంక చుట్టకో, ముదురు పొగాకుకో అలవాటు పడినవాళ్లకు ఎలిజబెతన్ పల్చగా అనిపిస్తుంది. వాళ్లు ఎస్కుడోతో పాటు సెయింట్ జేమ్స్ ఫ్లేక్ తీసుకోవాలి. సాయంత్రం గంటన్నర తీరిక లేనివాళ్లు మాత్రం ఆ రేకుల జోలికి పోవద్దు, సగంలో ఆర్పి మళ్లీ వెలిగిస్తే అది పుల్లబడుతుంది.

ఒక్కటే డబ్బాకు చోటుంటే ఎస్కుడో. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

వీటిని తెరవకుండా దాచుకునే ఆలోచన ఉంటే వర్జీనియాలోని చక్కెర మీకు సాయం చేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ చురుకు తగ్గి తీపి ముదురుతుంది, పెరీక్ కూడా దానిలో ఇంకుతుంది. నొక్కిన బిళ్లలూ రేకులూ దీనికి బాగా పనికొస్తాయి. తరుగును రెండేళ్లలోపే తాగడం నాకు ఇష్టం, దానిలో ఆ ఎండుగడ్డి వాసన పోతే తెప్పించుకున్న ప్రయోజనం పోయినట్టే. తెరిచిన డబ్బాను అలాగే ఉంచకండి. రబ్బరు మూత ఉన్న గాజు సీసాలోకి మార్చి, తేదీ రాసి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో కింది అరలో పెట్టండి. డాబా కింది అటక మీద పెట్టవద్దు. వేసవిలో అక్కడ వేడికి పొగాకు ఉడికిపోతుంది. సీసాలో ఎప్పుడైనా తెల్లగా కనిపిస్తే వెలుతురులోకి తెచ్చి చూడండి. పొడిగా మెరిసే పలుకులైతే భయం లేదు. దూదిలా నూగు ఉండి ముక్కిన వాసన వస్తే అది బూజు, మొత్తం పారేయాలి. కుప్పవేసిన మండెలో బూజు పట్టిన ఆకును మామయ్య ఎంత బాధపడినా తీసి అవతల పడేసేవాడు, పక్క ఆకును కూడా.

ఈ సంక్రాంతికి మావాడికి ఒక ఎస్కుడో, ఒక సెయింట్ జేమ్స్ చెప్పాను. ఎస్కుడో కనుమ నాడు తెరుస్తాను. సెయింట్ జేమ్స్ డబ్బా మీద తేదీ వేసి మూడేళ్లు ముట్టుకోను.